బయాప్సీ రిపోర్టు వచ్చేలోపు: ఎదురుచూపు రోజుల్ని దాటడం ఎలా

రొమ్ములో గడ్డ నుంచో, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) కనిపించిన మచ్చ నుంచో సూదితో ముక్క తీయడం అరగంట, మహా అయితే గంట పని. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కట్టు వేసి, "రిపోర్టు వచ్చాక చెబుతాం" అని పంపించేస్తారు. ఎప్పుడు వస్తుంది? ఫోన్ చేస్తారా, మనమే వెళ్లాలా? చాలామంది ఇవేవీ అడక్కుండానే ఇంటికి వచ్చేస్తారు. ఇక ఆ రోజు నుంచి ఫోన్ మోగితే ఉలిక్కిపాటు, మోగకపోతే బెంగ.

ఈ ఎదురుచూపులో తెలియనివి రెండు. ముక్కలో ఏముంది, క్యాన్సరా కాదా అన్నది ఒకటి. దాన్ని ఎంత ఆలోచించినా మార్చలేం. రిపోర్టు ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ రూపంలో చేతికొస్తుందన్నది రెండోది. ఇది నాలుగు ప్రశ్నలతో తేలిపోతుంది. రెండోదాన్ని ముందే తేల్చేసుకుంటే మొదటిదాన్ని మోయడానికి కాస్త ఓపిక మిగులుతుంది. కింద చెప్పేదంతా ఆ క్రమంలోనే ఉంటుంది.

1. బయాప్సీ గది నుంచి బయటికొచ్చే ముందు

ఒక కాగితం తీసుకుని ఇవి అడిగి రాసుకోండి. ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే ఫోన్ చేసి అడగండి, తప్పేం లేదు.

రిపోర్టు ఏ రోజుకి వస్తుంది? "నాలుగైదు రోజులు" అంటే సెలవులు కలిపా, తీసేసా? ఇక్కడే చాలామంది పొరబడతారు. శుక్రవారం ముక్క తీస్తే "మూడు పని రోజులు" అన్నది బుధవారం అవుతుంది. మీరు సోమవారం నుంచే ఎదురుచూస్తుంటే ఆ రెండు రోజులూ అనవసరంగా నలిగిపోవడమే.

ఎవరు చెబుతారు? బయాప్సీ చేసిన రేడియాలజిస్టా, పంపించిన డాక్టరా, సర్జనా? ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగతావాళ్లు చెప్పి ఉంటారనుకోవడం వల్ల రిపోర్టు సిద్ధమై కూడా రెండు మూడు రోజులు ఫైల్లో ఉండిపోతుంది. బాధ్యత ఎవరిదో ఒక పేరు రాసుకోండి.

ఏ తేదీ దాటితే నేను ఫోన్ చేయాలి, ఏ నంబరుకి? ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆ తేదీ చేతిలో ఉంటే అంతవరకు ఫోన్ రాకపోవడానికి అర్థాలు వెతకక్కర్లేదు.

ఆస్పత్రి యాప్‌లోనో, మెసేజ్‌గానో రిపోర్టు డాక్టర్ కన్నా ముందే నాకు వస్తుందా? చాలా చోట్ల ఇప్పుడు అలాగే వస్తోంది. వస్తుందంటే, ఒంటరిగా తెరిచి చదువుతారా, డాక్టర్ చెప్పేదాకా ఆగుతారా అన్నది ఈ రోజే నిర్ణయించుకోండి. రాత్రి పదకొండింటికి ఫోన్ టింగుమన్నాక తీసుకునే నిర్ణయం మంచిది కాదు. ఆగాలనుకుంటే ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి.

ఇంకొకటి. మీకు చేసింది ఏ రకం బయాప్సీయో పేరు రాయించుకోండి. సన్న సూదితో కణాలు మాత్రమే పీల్చేది ఎఫ్‌ఎన్‌ఏసీ. దీని రిపోర్టు తరచుగా ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. లావు సూదితో సన్నటి ముక్కలు తీసేది కోర్ బయాప్సీ. మెషీన్‌తో పీలుస్తూ ఇంకాస్త ఎక్కువ ముక్క తీసేది వ్యాక్యూమ్ బయాప్సీ. ఈ రెండింటికీ ల్యాబ్ పని ఎక్కువ. పక్కింటావిడ రిపోర్టు మర్నాడే వచ్చిందని మీది ఆలస్యమైనట్టు కాదు. ఆవిడకు చేసింది వేరే పరీక్ష కావచ్చు.

2. మొదటి రెండు రోజులు: గాయం సంగతి

మనసు సంగతి తర్వాత, ముందు ఒంటి సంగతి చూసుకోవాలి. ఎందుకంటే ఈ రోజుల్లో వచ్చే ప్రతి సలుపూ "అదేనేమో" అనిపిస్తుంది. ఏది మామూలో తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది.

మత్తు ఇంజెక్షన్ ప్రభావం గంట, రెండు గంటల్లో తగ్గుతుంది. నొప్పి అప్పుడు తెలుస్తుంది. పారాసిటమాల్ సరిపోతుంది: పెద్దవాళ్లకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి లేదా రెండు, మోతాదుకీ మోతాదుకీ మధ్య 4 నుంచి 6 గంటల ఎడం, 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, బాగా తక్కువ బరువున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి కాబట్టి మొదటి ఒకటి రెండు రోజులు సొంతంగా వేసుకోవద్దు. గుండె కోసమో, రక్తం గడ్డకట్టకుండానో డాక్టర్ రాసిన మందుల సంగతి వేరు. వాటిని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో రాసిన డాక్టరే చెప్పాలి.

ఐసు ముక్కల్ని బట్టలో చుట్టి 10–15 నిమిషాలు పెట్టండి, తీసేయండి, గంటా రెండు గంటలకోసారి మళ్లీ పెట్టండి. మొదటి రోజంతా ఇలా చేయొచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. మత్తు దిగకముందు చల్లదనం తెలియక చర్మం దెబ్బతింటుంది. వదులుగా కాకుండా బిగుతుగా పట్టి ఉంచే బ్రా వేసుకోండి, మొదటి రాత్రి నిద్రలో కూడా. వైరు ఉన్నది వద్దు. బరువులెత్తడం, ఆ చేత్తో గట్టిగా రుద్దడం, తోమడం, పరుగు, ఎగరడం రెండు రోజులు మానేయండి. స్నానం ఎప్పుడన్నది కట్టు వేసినవాళ్లు చెబుతారు. సాధారణంగా 24 గంటల తర్వాత. చర్మానికి అతికించిన సన్న పట్టీలు ఉంటే పీకొద్దు, కొన్ని రోజుల్లో అవే ఊడిపోతాయి. నీళ్లలో నానడం, ఈత వారం దాకా వద్దు.

మామూలుగా ఉండేవి ఇవి: ఊదారంగులో మొదలై ఆకుపచ్చగా, పసుప్పచ్చగా మారుతూ వారం పది రోజుల్లో తగ్గే కమిలిన మచ్చ, అది రొమ్ము కింది వైపుకు జారినట్టు కనిపించడం, సూది దిగిన చోట చిన్న గట్టి ముద్ద. ఆ ముద్ద గడ్డకట్టిన రక్తం, కొందరికి వారాల పాటు ఉంటుంది. "బయాప్సీ తర్వాత గడ్డ పెద్దదైంది" అని హడలిపోయేది దీన్ని చూసే. అందుకే రోజుకి పదిసార్లు వేళ్లతో నొక్కి చూడొద్దు. నొక్కేకొద్దీ వాపు, వాపు పెరిగేకొద్దీ భయం.

వెంటనే ఫోన్ చేయాల్సినవి: 15 నిమిషాలు గట్టిగా అదిమి పట్టినా ఆగని రక్తం, చూస్తుండగా ఉబ్బిపోతున్న రొమ్ము, చీము, చుట్టూ పాకుతున్న ఎరుపు, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం. ఊపిరాడకపోవడం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టుండటం చాలా అరుదు కానీ, వస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బయాప్సీ చేసిన చోట గుర్తు కోసం కొన్ని మిల్లీమీటర్ల లోహపు క్లిప్పు వదిలి ఉండొచ్చు. తర్వాత స్కానింగుల్లో "ముక్క తీసింది ఇక్కడే" అని తెలియడానికే అది. క్లిప్పు పెట్టారంటే వ్యాధి ఉందని నిర్ధారించుకున్నారని కాదు. పాలిచ్చే తల్లులు చాలావరకు పాలివ్వడం కొనసాగించవచ్చు, అయితే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా తెలిసి ఉండాలి. మగవాళ్లకూ రొమ్ము బయాప్సీ జరుగుతుంది. ఇక్కడ చెప్పేదంతా వాళ్లకూ వర్తిస్తుంది.

నొప్పి ఎక్కువుంటే క్యాన్సర్ అనీ, లేకపోతే కాదనీ అనుకోవద్దు. సూది పోటు నొప్పికీ రిపోర్టుకీ ఏ సంబంధమూ లేదు. "సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అన్న మాట కూడా ఈ రోజుల్లోనే ఎవరో ఒకరు చెవిన వేస్తారు. బయాప్సీ చేయించుకోవడం వల్ల జబ్బు ముదురుతుందని రుజువు లేదు. సరైన వైద్యం ఎంచుకోవాలంటే ఆ ముక్క కావాల్సిందే.

3. ఆ ముక్క ఇప్పుడు ఎక్కడుంది

ఆలస్యాన్ని భరించలేకపోవడానికి ఒక కారణం, "ఒక్కసారి చూస్తే తెలిసిపోయేదానికి ఇన్ని రోజులెందుకు" అనిపించడం. జరిగేది చూస్తే ఎందుకో తెలుస్తుంది.

కోర్ బయాప్సీలో వచ్చేది అగ్గిపుల్ల కన్నా సన్నగా, సెంటీమీటరున్నర, రెండు సెంటీమీటర్ల పొడవుండే మెత్తటి దారాలు. నాలుగైదు ఉంటాయి. తీసిన వెంటనే ఫార్మలిన్ ఉన్న చిన్న సీసాలో వేస్తారు. హార్మోన్ రిసెప్టర్ల పరీక్షలు (క్యాన్సర్ కణాలు హార్మోన్లకి స్పందిస్తాయా అని చూసేవి) నమ్మకంగా రావాలంటే ముక్క ఆ ద్రవంలో కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. ఇక్కడ తొందరపెడితే ఆ పరీక్షలు తప్పుగా రావచ్చు. తర్వాత ఒక మెషీన్ రాత్రంతా దాన్ని ఆల్కహాలులో ముంచి నీరు లాగేసి, ఆ పైన కరిగించిన మైనం ఎక్కిస్తుంది. పొద్దున్నకి ముక్క మైనపు దిమ్మలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని 4 మైక్రాన్ల మందంలో, అంటే తలవెంట్రుక మందంలో సుమారు పదిహేనో వంతు పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు వేస్తారు. అప్పుడు గానీ పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూడలేరు.

అన్నీ సవ్యంగా జరిగితేనే రెండు మూడు పని రోజులు. ఆ తర్వాత రకరకాల మలుపులు ఉంటాయి. మామోగ్రామ్‌లో కనిపించిన సున్నపు చుక్కలు మొదటి పొరలో దొరక్కపోతే దిమ్మని ఇంకా లోతుగా కోయాలి. కణాలు అటా ఇటా అని అనుమానం వస్తే ప్రత్యేక రంగులు వేయాలి; దీన్ని ఇమ్యునో అంటారు. ఇంకో పాథాలజిస్టుకి చూపించి సంతకం చేయించే ల్యాబులూ ఉన్నాయి. వీటిలో ఒక్కోటీ ఒకటి రెండు రోజులు తింటుంది.

మరి "ఇంకా పరీక్షలు చేస్తున్నారట" అంటే చెడు కబురేనా? నిజం చెప్పాలంటే అటూ కావచ్చు, ఇటూ కావచ్చు. క్యాన్సర్ అని తేలాక ఈఆర్, పీఆర్, హెర్-2 అనే రిసెప్టర్లు చూడటానికి ఇమ్యునో చేస్తారు. క్యాన్సర్ కాదని గట్టిగా చెప్పడానికి కూడా అదే ఇమ్యునో చేస్తారు. పాల గొట్టాల చుట్టూ ఉండాల్సిన ఒక కణాల వరస చెక్కుచెదరకుండా ఉందా లేదా అని దాంతోనే తేలుస్తారు. కాబట్టి ఆలస్యాన్ని బట్టి ఫలితం ఊహించడం కుదరదు. ఫోన్ ఎత్తిన రిసెప్షనిస్టు గొంతుని బట్టి ఊహించడం అసలే కుదరదు. ఆ అమ్మాయికి మీ రిపోర్టులో ఏముందో తెలియకపోవచ్చు కూడా.

ఈ ఎదురుచూపు వల్ల జబ్బు ముదిరిపోతుందేమో అన్నది ఇంకో భయం. రిపోర్టు కోసం పట్టే వారం, రెండు వారాలు చికిత్స ఫలితాన్ని మార్చవు. నెలల తరబడి వాయిదా వేస్తే మాత్రం తేడా వస్తుంది. అందుకే మీరు రాసుకున్న తేదీ దాటగానే ఫోన్ చేయడం మీ పని. మొహమాటపడొద్దు.

4. చేతిలో ఉన్న స్కానింగ్ రిపోర్టుని చదివే పద్ధతి

బయాప్సీకి ముందు తీసిన మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్ రిపోర్టు చివర్లో బై-రాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఊరికే వెతకడం కన్నా దీని అర్థం తెలుసుకోవడం నయం. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపు. 4 అంటే అనుమానం, బయాప్సీ చేయాలి. అయితే ఆ నాలుగులో చాలా దూరం ఉంది: 4ఏ అంటే 2 నుంచి 10 శాతం, 4బీ అంటే 10 నుంచి 50, 4సీ అంటే 50 నుంచి 95. 5 అంటే 95 శాతం లేదా ఆపైన.

4ఏ వచ్చినవాళ్లూ 4సీ వచ్చినవాళ్లూ ఒకే "నాలుగు" చూసి ఒకేలా కుంగిపోతుంటారు. 4ఏ వచ్చిన నూరుమందిలో తొంభై మందికో అంతకన్నా ఎక్కువ మందికో క్యాన్సర్ ఉండదు. 4సీ, 5 వచ్చినవాళ్లకి మాత్రం "ఏం కాదులే" అని ధైర్యం చెప్పడం సరికాదు. వాళ్లు ఈ రోజుల్ని తర్వాతి అడుగు కోసం వాడుకోవడం మేలు: ఏ సర్జన్ దగ్గరికి వెళ్లాలి, పాత రిపోర్టులు ఎక్కడున్నాయి, సెలవు ఎలా పెట్టాలి.

ఒక్క సంగతి. ఈ శాతాలు గుంపుకి చెందినవి. మీ ఒక్కరి ఫలితం ఇప్పటికే ఆ గాజు పలక మీద ఉంది. కాబట్టి అంకెని ఒక్కసారి చూసి, అర్థం చేసుకుని, ఫైల్లో పెట్టేయండి. మళ్లీ మళ్లీ చదివితే కొత్తగా తెలిసేదేం ఉండదు.

5. పగళ్లు: బెంగకి ఒక టైము కేటాయించడం

ముందుగా ఒక మాట. ఈ రోజుల్లో ప్రశాంతంగా ఉండాలని పంతం పెట్టుకోకండి. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కరెంటు షాక్ తగలడం ఖాయమని తెలిసినప్పటికన్నా, తగులుతుందో లేదో సగం సగం అన్నప్పుడే మనుషుల ఒత్తిడి శిఖరానికి చేరింది. "ఏదో ఒకటి తేలిపోతే బాగుండు" అని మీకనిపిస్తుంటే అది బలహీనత కాదు, మెదడు పనిచేసే తీరు.

కేట్ స్వీనీ అనే మనస్తత్వ పరిశోధకురాలు కాలిఫోర్నియాలో లాయర్ పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం కాచుకున్నవాళ్లని గమనించారు. బెంగని తగ్గించుకోవడానికి వాళ్లు పడిన పాట్లు పెద్దగా ఫలించలేదు. చిత్రమేంటంటే, ఎదురుచూపులో ఎక్కువ నలిగినవాళ్లే చెడు ఫలితాన్ని మెరుగ్గా తట్టుకున్నారు, మంచి ఫలితానికి ఎక్కువ సంతోషించారు. అంటే బెంగ పూర్తిగా వృథా కాదు. దాన్ని లేకుండా చేయడం మన గురి కాదు. రోజంతా పాకకుండా గట్టు కట్టడం గురి.

గట్టు కట్టే పద్ధతి ఇది. రోజులో ఒక 20–30 నిమిషాలు, ఒకే చోట, ఒకే టైముకి పెట్టుకోండి. సాయంత్రం ఐదున్నర బాగుంటుంది. పడుకునే ముందు వద్దు, మంచం మీద అసలొద్దు. ఒక నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు బెంగలు వచ్చింది వచ్చినట్టు రాయండి. కుడివైపు, దాని గురించి నేను చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది రాయండి. ఒక పేజీ ఇలా ఉంటుంది:

ఎడమ: శుక్రవారం దాకా ఫోన్ రాకపోతే? కుడి: మధ్యాహ్నం రెండింటికి నేనే చేస్తాను, నంబరు ఫ్రిజ్ మీద ఉంది.
ఎడమ: చంకలో కూడా ఏదో తగులుతోంది. కుడి: రిపోర్టు రోజు డాక్టర్‌ని అడగాలి. ప్రశ్నల చీటీలో రాశాను.
ఎడమ: పిల్లలు ఏమైపోతారు? కుడి: (ఖాళీ)

ఆ ఖాళీని నింపాలని చూడొద్దు. కొన్నిటికి కుడివైపు ఏమీ ఉండదు. అది కనిపించడం కోసమే గీత. టైము అవగానే పుస్తకం మూసేయండి. మిగతా రోజులో అదే ఆలోచన వస్తే "ఐదున్నరకి" అని వాయిదా వేయండి. మొదటి రెండు రోజులు ఈ వాయిదా పని చేయదు, ఆలోచన తిరిగొస్తూనే ఉంటుంది. మూడో రోజుకి కాస్త లొంగుతుంది. చాలామంది రెండో రోజే వదిలేసి "నాకు కుదరదు" అనేస్తారు.

మిగతా టైములో ఏం చేయాలి? "ధ్యాస మళ్లించుకో" అని అందరూ చెబుతారు, కానీ అన్ని పనులూ ధ్యాస మళ్లించవు. టీవీ ముందు కూర్చుంటే బొమ్మ కదులుతుంటుంది, బుర్రలో బయాప్సీ తిరుగుతుంటుంది. చేతులూ బుర్రా రెండూ కావాల్సిన పని, కాస్త కష్టమైన పని, ఎంత అయిందో కంటికి కనిపించే పని ఎంచుకోండి. కుట్టు, అల్లిక, లెక్కల పద్దులు సరిచేయడం, కొత్త పాట నేర్చుకోవడం, బీరువా సర్దడం, పిల్లాడి లెక్కల పాఠం చెప్పడం. నడక కూడా మంచిదే, గాయం ఒప్పుకున్నంత వరకు. ఆఫీసుకి వెళ్లాలా మానాలా అంటే, వెళ్లగలిగితే వెళ్లడమే నయం. పొరపాటు జరిగితే ప్రమాదమయ్యే పనులు మాత్రం ఈ వారం వేరేవాళ్లకి అప్పగించండి. ఏకాగ్రత నిజంగానే తగ్గి ఉంటుంది.

ఇంటర్నెట్‌కి ఒక హద్దు. వెతికే ముందు ప్రశ్నని కాగితం మీద రాయండి. జవాబు దొరికితే ఆపేయండి. ప్రశ్న రాయలేకపోతున్నారంటే మీరు సమాచారం కోసం వెతకడం లేదు, ఎవరైనా "ఏం కాదు" అంటారేమోనని వెతుకుతున్నారు. అది అక్కడ దొరకదు.

గుండె దడదడ మొదలైతే: ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు అవుతాయి. ఐదు నిమిషాలు. ఎక్కువ గాలి లోపలికి లాగాలని చూస్తే తల తిరుగుతుంది. వదలడం నిదానంగా జరగాలి, అదే అసలు పని.

6. రాత్రులు

మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయండి. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. గాయం లేని వైపుకి తిరిగి, రొమ్ము కింద చిన్న దిండు పెట్టుకుంటే సలుపు తగ్గుతుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగండి. మసక వెలుతురులో కూర్చుని బోరు కొట్టేదేదైనా చదవండి, కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ వెళ్లండి. పొద్దున లేచే టైము మాత్రం మార్చొద్దు. మద్యం, ఇంట్లో ఇంకెవరికో రాసిన నిద్రమాత్రలు వద్దే వద్దు.

మూడు నాలుగు రాత్రులు అస్సలు నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, దడ పదేపదే వస్తున్నా డాక్టర్‌కి చెప్పండి. కొన్ని రోజుల కోసం మందు రాయొచ్చు, కౌన్సెలర్‌తో మాట్లాడించొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రిపోర్టు దాకా ఆగొద్దు, అదే గంటలో ఒక మనిషికి చెప్పి ఆస్పత్రికి వెళ్లండి.

7. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

ఒకరికి తప్పకుండా చెప్పండి. పదిమందికి చెప్పొద్దు. పదిమందికి చెబితే రోజుకి పది ఫోన్లు, "ఏమైంది, వచ్చిందా?" అని. మీ బెంగ చాలక వాళ్ల బెంగ కూడా మీరే తీర్చాలి. చెప్పే ఆ ఒక్కరూ మీకు దగ్గరి బంధువే కానక్కర్లేదు. విని, వెంటనే సలహా ఇవ్వకుండా ఉండగలిగినవాళ్లయితే చాలు.

చెప్పేటప్పుడు ఏం కావాలో కూడా చెప్పండి: "అక్కా, నాకిప్పుడు సలహా వద్దు, కాసేపు వింటే చాలు." "గురువారం నాతో ఆస్పత్రికి రావాలి, డాక్టర్ చెప్పేది నువ్వు రాసుకోవాలి." మిగతావాళ్లు అడిగితే: "రిపోర్టు రాగానే నేనే చెబుతా పిన్నీ, అంతదాకా ఆ మాట వద్దు, ఇంకేమైనా మాట్లాడుకుందాం." ఈ వాక్యం ముందే నోటికి వచ్చేలా అనుకుంటే అప్పటికప్పుడు తడుముకోనక్కర్లేదు.

పిల్లలు ఇంట్లో గుసగుసల్ని పసిగడతారు. చిన్నవాళ్లకి "అమ్మకి ఇక్కడ గడ్డ ఉంది, డాక్టర్ చిన్న ముక్క తీసి చూస్తున్నారు, నాలుగు రోజులు నన్ను గట్టిగా పట్టుకోకండి" అంటే సరిపోతుంది. ఏమీ కాదని మాట ఇవ్వొద్దు.

పక్కనుండే భర్తకో, అక్కచెల్లెళ్లకో ఒక మాట. "పాజిటివ్‌గా ఆలోచించు" అనకండి. అలా అన్న మరుక్షణం ఆవిడ తన భయాన్ని మీ దగ్గర కూడా దాచుకోవడం మొదలుపెడుతుంది. వంటో, బట్టలో, పిల్లల్ని బడికి దింపడమో ఒక పని అడక్కుండా అందుకోండి.

8. రిపోర్టు రోజు

చెడు మాటకి మనసుని సిద్ధం చేసుకోవడం ఫలితానికి కొద్ది ముందు పనికొస్తుంది, వారం ముందు నుంచీ చేస్తే ఒళ్లు హూనమవుతుంది. కాబట్టి ఆ పని ఈ రోజుకే ఉంచండి.

తోడు తీసుకెళ్లండి. కాగితం, పెన్ను. డాక్టర్‌ని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. భయంలో విన్నది సగం గుర్తుండదు. ఫోన్‌లోనే చెబుతామంటే, బండి నడిపేటప్పుడు ఎత్తొద్దు. "రెండు నిమిషాల్లో నేను చేస్తాను" అని పెట్టేసి, కూర్చుని, కాగితం ముందు పెట్టుకుని చేయండి.

అడగాల్సినవి నాలుగే. రిపోర్టులో ఉన్న పేరు ఏంటి, అక్షరం అక్షరం రాయించండి. అది స్కానింగ్‌లో కనిపించినదానికి సరిపోతోందా? తర్వాత ఏం చేయాలి, ఎప్పటిలోగా? రిపోర్టు కాపీ ఎప్పుడిస్తారు?

రెండో ప్రశ్నని చాలామంది అడగరు. స్కానింగ్ గట్టిగా అనుమానిస్తుంటే, ముక్కలో ఏమీ లేదని వస్తే, సూది సరైన చోట పడకపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు మళ్లీ బయాప్సీ చేయడమే సరైన పద్ధతి, "బినైన్" (క్యాన్సర్ కాదు) అన్న మాట విని సంతోషంగా వెళ్లిపోవడం కాదు.

రిపోర్టులో రాదగ్గ మాటలు స్థూలంగా మూడు గుంపులు. ఫైబ్రోఎడినోమా, ఫైబ్రోసిస్టిక్ మార్పులు, కొవ్వు చచ్చుబడిన ఫ్యాట్ నెక్రోసిస్, మామూలు హైపర్‌ప్లేసియా: ఇవి క్యాన్సర్ కాదు. స్కానింగ్‌తో సరిపోతే మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో తేదీ అడిగి రాసుకోవడమే. రెండోది మధ్యస్థం: ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, రేడియల్ స్కార్, పాపిలోమా వంటివి. ఇవి క్యాన్సర్ కాదు. కానీ చుట్టుపక్కల ఇంకేదైనా ఉందేమోనని ఎక్కువ ముక్క తీయమనొచ్చు, లేదా గమనిస్తూ ఉండమనొచ్చు. "అయితే అవునా, కాదా?" అని ఇక్కడ విసిగిపోతారు, జవాబు నిజంగానే మధ్యలో ఉంది. మూడోది క్యాన్సర్. అందులోనూ "ఇన్ సిటు" అంటే కణాలు పాల గొట్టాల లోపలే ఉన్నాయని, "ఇన్వేసివ్" అంటే గోడ దాటాయని.

క్యాన్సర్ అని వస్తే గ్రేడు 1, 2, 3లో ఒకటి ఉంటుంది. గ్రేడు వేరు, స్టేజి వేరు. గ్రేడు కణాల తీరు, స్టేజి జబ్బు ఎంతవరకు పాకిందన్నది; స్టేజి చెప్పడానికి ఈ రిపోర్టు ఒక్కటే చాలదు. గ్రేడు 3 చూసి "మూడో స్టేజి" అని ఇంటిల్లిపాదీ ఏడ్వడం తరచుగా జరిగే పొరపాటు. హెర్-2 దగ్గర 2+ అని ఉంటే అది తేలని ఫలితం, ఫిష్ అనే ఇంకో పరీక్షకి పంపుతారు. దానికి మరికొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. అంటే ఇంకో ఎదురుచూపు. మళ్లీ మొదటి ప్రశ్నలే: ఏ రోజుకి, ఎవరు, ఏ నంబరుకి.

ఆపరేషన్ ఎలా చేయించుకోవాలన్న నిర్ణయం ఆ గదిలో, ఆ నిమిషాన తీసుకోనక్కర్లేదు. రెండు మూడు రోజులు ఆలోచించి చెబుతానని అనొచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే మళ్లీ సూది పొడిపించుకోనక్కర్లేదు. మైనపు దిమ్మలూ గాజు పలకలూ ల్యాబులో ఏళ్ల తరబడి ఉంటాయి. రాతపూర్వకంగా అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకి చూపించవచ్చు. తీసుకునేటప్పుడు దిమ్మ మీద ఉన్న నంబరు, రిపోర్టు మీద ఉన్న నంబరు ఒకటేనా కాదా అక్కడే చూసుకోండి. దిమ్మని ఎండలోనూ వేడి కారులోనూ ఉంచొద్దు, మైనం కరుగుతుంది.